కడప టిఫిన్ సెంటర్లో నాపబండను

నేను నాపబండను. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నేలలో పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి మా వంశం. పొర విడదీస్తే పలకలా ఊడి వస్తాం కాబట్టి ఇళ్లకు నేలగా, మిద్దెలకు మెట్లుగా, ముంబై, పుణెల దాకా వంటింటి గట్లుగా వెళ్లాం. నన్ను మాత్రం కడప దాటనివ్వలేదు. ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఒక టిఫిన్ సెంటర్లో, ఇటుక దిమ్మెల మీద, నిలబడి తినేవాళ్ల రొమ్మెత్తున పరిచారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు మంచి హోటల్ ఏదని అడిగితే ఏసీ ఉన్నదాన్నో, మెనూ పొడుగ్గా ఉన్నదాన్నో చూపించడం అలవాటైపోయింది. నా అభిప్రాయం వేరు. ఇలాంటి చిన్న నగరంలో వెతుక్కుంటూ వెళ్లి తినదగ్గ హోటల్ అంటే నాలుగైదు రకాలే చేసి, కలిపిన పిండి అయిపోగానే పొయ్యి ఆర్పేసేది. పళ్లేలు వచ్చిపోయే తీరు రోజూ చూసే బండను కాబట్టి ఈ మాట గట్టిగానే అంటాను.

నా మీదికి వచ్చే కారం దోశనే తీసుకోండి. ఎండుమిరపకాయలు నానబెట్టి ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఉప్పు వేసి నూరిన ఎర్రకారాన్ని పెనం మీద ఉండగానే దోశంతా పూస్తారు. దానిమీద పప్పుల పొడి చల్లి, అంచులకు నెయ్యి వదిలి, మడిచి ఇస్తారు. పక్కన చెనిక్కాయ చట్నీ, బొంబాయి చట్నీ. ఇందులో ఖరీదైన దినుసు నెయ్యి ఒక్కటే, తక్కినదంతా వేళ మీద నడిచే వంట. కారం పచ్చివాసన పోవాలి, మాడకూడదు. పొడి నెయ్యిని పీల్చుకోవాలి, ముద్ద కట్టకూడదు. ఆ రెండు క్షణాలనూ పట్టుకునే చెయ్యి పుస్తకం చదివితే రాదు, పొద్దున్నుంచి అదే దోశ వందలసార్లు పోస్తే వస్తుంది. ఉగ్గాని సంగతీ ఇంతే. బొరుగులు నీళ్లలో ఒక్క నిమిషం ఎక్కువ నానితే గుజ్జవుతాయి, తక్కువ నానితే గొంతుకు అడ్డం పడతాయి. సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మరసం చుక్క పడిన చోట నునుపు పోయి తెల్లగా మరక తేలుతుంది. నా ఒంటిమీద అలాంటి మరకలన్నీ ఒక మూలనే గుంపుగా ఉన్నాయి. ఉగ్గాని తినేవాళ్లు రోజూ అక్కడే నిలబడి నిమ్మచెక్క పిండుతారు. చేసే చెయ్యి మారకపోతే తినే మనుషులూ మారరని చెప్పడానికి ఆ మూల చాలు.

నాలుగైదు రకాలే ఎందుకంటే, మొదటి కారణం మా ఎండ. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో రాత్రి రుబ్బిన మినప్పిండి తెల్లారేసరికి పొంగి నిలుస్తుంది, మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. పొద్దున పది, పదకొండుకల్లా పిండి అయిపోయిందని పంపించేసే హోటల్‌ను చూసి చాలామంది విసుక్కుంటారు. నాకైతే ఆ హోటల్ మీదే నమ్మకం. రాత్రి పదకొండుకూ దోశ పోస్తామనే చోట పిండి ఫ్రిజ్‌లో ఉండాలి, లేదా ఆ సాయంత్రం మళ్లీ రుబ్బాలి. రెండూ చేయకుండా వంటసోడాతో సర్దుకునేవాళ్లూ ఉంటారు. రెండో కారణం నూనె. మళ్లీ మళ్లీ కాగడంతో నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. బజ్జీలు ఒకటి రెండు గంటల్లో అమ్ముడుపోయి బాణలి దిగిపోయే చోట ఆ గీత దాటాల్సిన అవసరం రాదు. ఎప్పుడు ఏది అడుగుతారో తెలియక రోజంతా బాణలి మరిగించే చోటే ఆ ముప్పు.

ఇంటిల్లిపాదీ వెళ్తే ఒకరికి నూడుల్స్, ఒకరికి పనీర్, ఒకరికి ఇడ్లీ కావాలి కదా, నాలుగు రకాలతో ఎలా అంటారు. ఆ అవసరాన్ని కాదనను. కానీ వంద పేర్లున్న మెనూలో నిజంగా వంద వంటలుండవు. పొద్దున వండి పెట్టుకున్న రెండు మూడు గ్రేవీల్లోనే పనీర్ వేస్తే ఒక పేరు, పుట్టగొడుగులు వేస్తే ఇంకో పేరు. అదే గ్రేవీ, అదే పేర్లు ఏ ఊరికెళ్లినా దొరుకుతాయి. వాటికోసం కడప దాకా రానక్కర్లేదు. శుభ్రం సంగతి ఎత్తేవాళ్లకు నేను చెప్పగలిగింది, పొయ్యి ఎక్కడుందో చూడమనే. మా దగ్గర పెనం వీధి వైపే ఉంటుంది. వంటమనిషి చెయ్యీ, నీళ్ల బిందే, గిన్నెలు కడిగే తొట్టీ అందరికీ కనబడతాయి. తొట్టిలో నీళ్లు మురికిగా ఉంటే వెళ్లకండి, నాలాంటి బండ ఎంత నల్లగా మెరిసినా సరే.

నేను కాదనలేని అభ్యంతరం ఒకటుంది. రొమ్మెత్తు బండ దగ్గర మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నిలబడలేరు, పిల్లలకు పళ్లెం అందదు, మగవాళ్ల గుంపు మధ్య ఆడవాళ్లు తీరిగ్గా తినలేరు. రుచి ఎంత గొప్పదైనా ఊళ్లో సగం మందికి దూరమైతే అది లోటే. దీన్ని కప్పిపుచ్చడం నాకిష్టం లేదు. అయితే ఈ లోటు తీరడానికి వంద రకాల మెనూ అక్కర్లేదు, గోడవారగా నాలుగు బెంచీలు వేస్తే చాలు. రాగి సంగటి హోటళ్లు ఆ పని ఎప్పుడో చేశాయి. సంగటి ముద్ద, నాటుకోడి పులుసు, చెనిక్కాయ చట్నీ. ఇంతే వంట, అందరూ కూర్చునే తింటారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కానీ సీమలో సంగటి అంతకుముందే పొలంగట్టు నుంచి హోటల్ బల్ల మీదికి వచ్చేసింది. ఇక మా ఊరి పెద్ద దర్గాకు వచ్చేవాళ్ల ఆకలి తీర్చే బిర్యానీ హోటళ్లలో కుష్కా దొరుకుతుంది. అదే దమ్ములో ఉడికిన అన్నం, ముక్కలు లేకుండా, తక్కువ ధరకు. డబ్బులు చాలనివాడికీ ఆ దినుసుల వాసన దక్కుతుంది. ఇలా జేబును బట్టి వడ్డించే హోటల్ నా లెక్కలో మంచి హోటల్.

ఫోన్ నొక్కితే అన్నీ గుమ్మంలోకి వస్తుంటే వెళ్లడం దేనికన్నది ఇప్పటి వాదన. బిర్యానీకి అది చెల్లుతుంది, పొట్లంలో ఇంకాసేపు మగ్గినా దానికి నష్టం లేదు. కారం దోశకు చెల్లదు. డబ్బాలో మూత పెట్టగానే దాని ఆవిరే దాన్ని మెత్తబరుస్తుంది. పప్పుల పొడి తడిసి ముద్దవుతుంది, కరకరలాడాల్సిన అంచు తోలులా సాగుతుంది. పెనం నుంచి నా మీదికి నాలుగడుగులు, నా మీంచి నోటికి జానెడు. ఆ దూరంలో తింటేనే అది కారం దోశ. అందుకే పొద్దున తొమ్మిదిలోపు రండి, పిండి ఉంటుంది.