దొంగకు కంపెనీ వెల

అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం, మిడిల్‌టౌన్‌లో ఓ పండ్లతోట. 2014లో ఒకాయన మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతుంటే అది కుయ్‌మంది. తవ్వితే వెండి నాణెం, మీద అరబ్బీ అక్షరాలు. ఆరా తీస్తే 1693లో యెమెన్‌లో ముద్రించినదట!

అది అక్కడికెలా చేరింది? వేళ్లన్నీ హెన్రీ ఎవ్రీ అనే ఇంగ్లిష్ ఓడదొంగ వైపే. 1695లో మక్కా యాత్రికులతో తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని నిలువునా దోచిన ఘనుడు. గోల్కొండను మింగిన ఎనిమిదేళ్లకు పాదుషాకూ దోపిడీ రుచి తెలిసింది. మండిపడి సూరత్‌లోని ఇంగ్లిష్ వర్తకులను బంధించాడు.

అసలు వినోదం ఇక్కడుంది. ఎవ్రీని పట్టిస్తే బహుమానమంటూ ఇంగ్లండ్ సర్కారు చాటింపేస్తే, దానికి గొంతు కలిపి సొమ్ము పెంచింది ఎవరు? సాక్షాత్తూ ఈస్టిండియా కంపెనీ! హిందూ దేశపు సొత్తు దోచడం ఘోరమని దానికి అప్పట్లో గట్టి నమ్మకం. బెంగాల్ దివానీ, మన ఉత్తర సర్కారుల ఫర్మానా 1765లో గానీ చేతికి రాలేదు మరి. ఇచ్చిన షా ఆలం ఔరంగజేబు వంశీకుడే.

ఎవ్రీ మాత్రం చిక్కలేదు. పాపం, తొందరపడ్డాడు. కత్తికి తోడు ఒక ఫర్మానా కూడా సంపాదించుకుని ఉంటే లండన్‌లో విగ్రహమే పెట్టేవారు. కంపెనీ తరఫున ఆ ఫర్మానా పుచ్చుకున్న క్లైవుకు పెట్టారు, విదేశాంగ కార్యాలయం పక్కనే.