కత్తి ఎవరిది, కమీషన్ ఎవరికి?

చార్మినార్ చుట్టుపక్కల సర్జన్‌ను వెతుక్కోవాల్సిన పని లేదు. ఆయనే వచ్చి మన నెత్తిన వేలాడతాడు. ఏ గల్లీలో దూరినా కరెంటు స్తంభానికో, మందుల దుకాణం షట్టరుకో ఒక బోర్డు: మొలలు, ఫిషర్, ఫిస్టులా, కోత లేదు, కుట్టు లేదు, నొప్పి లేదు. డిగ్రీ కూడా లేదన్న నాలుగో సంగతి రాయడానికి రేకు చాలలేదు.

డాక్టర్ల నడవడికకు 2002లో భారత వైద్య మండలి నియమాలు రాసింది. బోర్డు మరీ పెద్దదిగా ఉండరాదు. పేరు, డిగ్రీ, ఏ వైద్యంలో నిపుణుడో, ఏ రాష్ట్ర మండలిలో ఏ నంబరుతో నమోదయ్యాడో, అంతకు మించి దాని మీద అక్షరం ఉండరాదు. మందుల దుకాణానికి తగిలించరాదు. మన బజార్లో రాయకూడదన్నవన్నీ రంగు దీపాలతో మెరుస్తాయి. రాయాల్సిన నంబరు ఒక్కటే కనబడదు. ఆ నంబరు అడిగి తెలంగాణ వైద్య మండలి రిజిస్టరులో సరిచూసుకోవచ్చు. అయినా ఎవరడుగుతారు? డాక్టరు గారు నొచ్చుకోరూ? పిత్తాశయం పోతే పోయింది, మర్యాద దక్కితే చాలు.

సర్జన్‌ను రోగి ఎంచుకుంటాడన్నది పుస్తకాల్లో మాట. ఇక్కడ ఆ పని గల్లీ ఆరెంపీది. ఆయన నాడి కన్నా ముందు జేబు పట్టి చూస్తాడు. కడుపునొప్పి అనగానే స్కానింగ్ ఎక్కడో, ఆపరేషన్ ఎక్కడో, ఆటో ఎవరిదో కూడా తేలిపోతుంది. రోగిని పంపినందుకు కమీషన్ ఇచ్చినా, పుచ్చుకున్నా తప్పేనని ఆ 2002 నియమాలే అంటాయి. అయితే అవి డాక్టర్లకు రాసినవి. పుచ్చుకునేవాడు డాక్టరే కాదు కాబట్టి సగం నేరం అక్కడికక్కడే మాఫీ. మిగతా సగం బిల్లులో కలుస్తుంది, రోగి కడతాడు.

స్కానింగ్‌లో పిత్తాశయంలో ఒక రాయి కనబడిందనుకోండి. నొప్పి పెట్టకుండా తన మానాన తాను పడున్న రాయికి చాలామందిలో ఆపరేషన్ అక్కర్లేదు. 'తీయకపోతే ఏమవుతుంది సార్?' అని ఒక్క మాట అడగాలి. అడగం. తీయకపోతే ఎవరికి నష్టమో వాళ్లనే అడగడం బాగుండదు కదా.

ప్రశ్నలడగడం ఈ ఊరికి తెలియని విద్య కాదు. క్లోరోఫాం మత్తులో మనిషి పోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఈ హైదరాబాదులోనే కూర్చుని తగువు పెట్టుకున్నాడు. 1888లో ఒక విచారణ సంఘం. లండన్ లాన్సెట్ పత్రిక నమ్మకపోతే 1889లో నిజాం సర్కారు డబ్బుతో ఇంకొకటి, లాన్సెట్ పంపిన లాడర్ బ్రంటన్‌ను ఎదురుగా పెట్టుకుని. వందల జంతువుల మీద పరీక్షలు. ఊపిరే అని లారీ తీర్పు. గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోగలదని తర్వాతి వాళ్ల తీర్పు. ఆయన దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకుంటాం. లారీ తప్పే కావచ్చు, కానీ మత్తు గురించి లోకంతో పోట్లాడిన ఊరు ఇది. ఇవాళ అదే ఊళ్లో 'మాకు మత్తు ఎవరిస్తారు?' అంటే 'ఎవరో వస్తార్లే' అని జవాబు. ఆ ఎవరో పేరు ఆస్పత్రి బిల్లులో చూసి తెలుసుకుంటాం.

ఉస్మానియా దవాఖానకు పోవచ్చు గదా అంటే ముఖం చిట్లిస్తాం. 2020 జూలై వానకు నీళ్లు చేరి పాత భవనం మూతపడింది, 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్తదానికి శంకుస్థాపన జరిగింది, నిజమే. కానీ మన ప్యాకేజీ సర్జన్లలో చాలామంది చేయి తిరిగింది ఇలాంటి ధర్మాసుపత్రుల్లోనే, పేదల పొట్టల మీదే. అక్కడ ఉచితంగా దొరికే చేతికి ఇక్కడ లక్షలు పోస్తేనే మన పరువు నిలబడుతుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది. మనం చేరిన ఆస్పత్రి ఆ జాబితాలో ఉందో లేదో అడ్వాన్సు కట్టాక ఆరా తీస్తాం.

సరే, సర్జన్ కుదిరాడు. ఇక తయారీ. చుట్టాలు ఎనిమిది మంది బయల్దేరతారు. పాత రిపోర్టులు మాత్రం బీరువాలోనే ఉంటాయి. 'గోళీలేమైనా వాడుతున్నారా?' అంటే 'ఏం లేవు సార్' అనడం మన సంస్కారం. గుండెకని రోజూ మింగే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వవు. కోత పెట్టే మనిషికి ముందుగా తెలియాల్సింది అదే. ఆపాలో వద్దో, ఎప్పుడు ఆపాలో చెప్పాల్సిందీ ఆయనే. షుగర్ మందు, చార్మినార్ పక్కనే నిజామియా యునానీ దవాఖానలో తెచ్చుకున్న మాజూన్, ఎప్పుడో ఒంటికి పడని ఇంజెక్షన్, దవడన నొక్కిన గుట్కా, ఒక్కటీ బయటపడదు. పోలీసు స్టేషన్లో కూడా మనవాళ్లు ఇంత గట్టిగా నిలబడరు.

మత్తుకు ముందు ఆరు గంటలు ఏమీ తినొద్దంటే బిర్యానీ తినొద్దనే మనకు అర్థమవుతుంది. ఇరానీ చాయ్ ఏ లెక్కలోకీ రాదు. పాలు పోసిన చాయ్ కూడా తిండి కిందికే వస్తుందని, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందని మత్తు డాక్టరు మొత్తుకుంటే 'సగం కప్పే సార్' అంటారు. ముంచుకు తిన్న ఉస్మానియా బిస్కెట్ సంగతి ఆయన అడగడు, వీళ్లు చెప్పరు.

తర్వాత సంతకం. పరీక్షకని ఒప్పుకున్న మనిషి మత్తులో ఉండగా, తల్లి చేత ఊ అనిపించి గర్భసంచి తీసేస్తే అది అనుమతి కాదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గర మత్తు దాకా ఆగే ఓపిక ఎవరికుంది? రోగి మంచం మీద కూర్చుని క్రికెట్ స్కోరు చూస్తుండగానే బావమరిది సంతకం గీకేస్తాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం ఆయనా చదవడు, చదివించిన వాడూ లేడు.

చివరికి సర్జన్, వాచీ చూసుకుంటూనే అయినా, 'ఏమైనా అడగాలా?' అంటాడు. ఇలాంటివి మీరు ఎన్ని చేశారు, ల్యాప్రోస్కోపీయా పెద్ద కోతా, తేడా వస్తే ఇక్కడ ఐసీయూ ఉందా? ఊహూ. ఎనిమిది మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పెద్దాయన గొంతు సవరించుకుంటాడు.

'సార్, హలీం ఎప్పట్నించి తినొచ్చు?'

డాక్టరు నోరు తెరిచేలోపే గుమ్మం దగ్గర నిలబడ్డ ఆరెంపీ జవాబు చెప్పేస్తాడు.