కూలరే మూలము: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యము

అవతారిక:

హైదరాబాదు నుంచి వరంగల్లు, ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నంలో ముగుస్తుంది. నిజామాబాదు నుంచి జగదల్‌పూర్ పోయే 63వ నంబరు రహదారి సిరొంచ దాటి, ఇంద్రావతి దాటి ఇదే ఊరికొస్తుంది. అంచేత మూడు రాష్ట్రాల బండ్లకూ ఇక్కడ మొరాయించే హక్కుంది. హిందీలో తిట్టుకుని, తెలుగులో బేరమాడి, గోండీలో నవ్వుకునే ఊరిది. జిల్లా కేంద్రం బీజాపూర్ 50 కిలోమీటర్ల పైచిలుకు. జగదల్‌పూర్ 200 పైనే. ఈ దూరాలు తెలియనివారికి కింది పద్యంలోని కరుణరసం అందదు.

సందర్భం: వేసవి మధ్యాహ్నం ఒక డీజిల్ పికప్ గ్యారేజీ ముందు ఆగింది. రేడియేటరు మూత తీసిన డ్రైవరు లోపలికి చూసి మొహం వేలాడేశాడు. "హెడ్డు దింపాల్సిందేనా మిస్త్రీ?" అన్నాడు. "ఆగు తమ్మీ. ముందుగాల కూలర్ జూద్దాం. హెడ్డు యాడికీ పోదు" అని మిస్త్రీ ఉవాచ. ఆ వాక్యాన్ని ఆటవెలదిలో బిగించింది ఈ టీకాకారుడే కాబట్టి, తాళపత్రాల్లో వెతకనక్కర్లేదు.

రేడియేటరందు రేగు మజ్జిగ చూచి
హెడ్డు పోయెననెడు హింస వలదు
చమురు నీరు కలియు చావడి కూలరే
విప్పి చూడు దాని విడిచి తలను

ప్రతిపదార్థము:

రేడియేటరందు = ఇంజను వేడిని గాలికి అప్పజెప్పే జాలీ పెట్టెలో; రేగు = పైకి తేలి పొంగుచున్న; మజ్జిగ = ఇంజనాయిలూ కూలెంటూ కలిసి చిలికిన గోధుమరంగు ముద్దను; చూచి = కాంచి; హెడ్డు పోయెననెడు = సిలిండరు హెడ్డు గ్యాస్కెట్టు కాలిపోయినదనెడు; హింస = అనవసరపు ఖర్చు; వలదు = కూడదు; చమురు నీరు కలియు చావడి = ఆ రెండూ పక్కపక్కనే నడిచే చోటు; కూలరే = ఆయిల్ కూలరే సుమా; దానిన్ = ఆ కూలరును; తలను విడిచి = హెడ్డు జోలికి పోక; విప్పి చూడు = బోల్టులు తీసి పరీక్షింపుము.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "హెడ్డు పోయె" బదులు "ఇంజనే పోయె" అని ఉంది. అది బండి కొనడానికి వచ్చిన బేరగాడు చొప్పించిన ప్రక్షిప్తం.

తాత్పర్యము:

నీళ్లలో ఆయిలు కనబడగానే హెడ్డు ఊడదీయకు, కూలరు చూడు.

మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని మాటిచ్చిన కొలిచెల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఈ టీకాకారుడు అలాంటి మాటేమీ ఇవ్వలేదు గనుక విశేషాంశాలు.

"మజ్జిగ": ఇక్కడే మొదటి పూర్వపక్షం. గోధుమరంగు ముద్దంతా ఆయిలేనా? కాదు. పచ్చ కూలెంటులో ఎర్రది కలిపినా కొన్నిసార్లు జిగురు కడుతుంది. బోరునీళ్లు పోసిన బండిలో తుప్పు బురద తేలుతుంది. లీకు ఆపుతుందని ఎవరో పోసిన పొడి కూడా ఇదే వేషం వేస్తుంది. మిస్త్రీ వేలితో కొంచెం తీసి పాత దినపత్రిక మీద రాసి, ఎండలో పెట్టాడు. నీరు ఆరిపోయాక కాగితం మీద వెనక పేజీ అక్షరాలు కనబడేంత మరక మిగిలింది. చమురే. ప్రమాణం ప్రత్యక్షం, ఖర్చు శూన్యం. మూత మాత్రం ఇంజను చల్లారాకే తీయాలి. మూత స్ప్రింగు దాదాపు 1 బార్ ఒత్తిడి పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. మూత తిప్పిన క్షణంలో ఆ బాకీ అంతా మన మొహాన తీర్చేస్తుంది.

"హెడ్డు పోయెననెడు హింస": హింస అన్న మాట అతిశయోక్తి అనుకునేవారు హెడ్డు దింపించిన బిల్లు చూడలేదు. గ్యాస్కెట్టు కొత్తది, చాలా ఇంజన్లకు బోల్టులూ కొత్తవే, ఫేసింగుకి లేతు ఉన్న ఊరికి ప్రయాణం, తిరిగొచ్చాక టాపెట్ల సెట్టింగు. ఇంత చేసి, మజ్జిగ మళ్లీ తేలితే?

హెడ్డు అమాయకం కావచ్చని ఎలా తెలుస్తుంది? తర్కశాస్త్రంలో పొగను బట్టి నిప్పును ఊహిస్తారు. ఇక్కడా అంతే: గ్యాస్కెట్టు పోయి మండిన వాయువు నీళ్లలో చొరబడితే రేడియేటరులో బుడగలు ఆగకుండా వస్తాయి, చల్లని ఇంజను స్టార్టు చేసిన కాసేపటికే పైపులు రాయిలా బిగుస్తాయి, సైలెన్సరులో తెల్లపొగ తగ్గదు. ఈ పికప్‌లో ఆ మూడూ లేవు. డిప్‌స్టిక్కు తీస్తే ఆయిలు నల్లగా, శుభ్రంగా ఉంది.

"చమురు నీరు కలియు": మరి ఆయిలు నీళ్లలోకి వచ్చింది గాని నీరు ఆయిల్లోకి ఎందుకు పోలేదు? ఈ పద్యం గుట్టు ఇక్కడుంది. ఇంజను నడిచేటప్పుడు ఆయిలు ఒత్తిడి 3, 4 బార్లు. నీటిది 1 బార్ లోపే. గోడకు చిల్లి పడితే బలవంతుడే అవతలికి దూరతాడు. ఇంజను ఆపగానే ఆయిలు ఒత్తిడి పడిపోతుంది, వేడినీటి ఒత్తిడి ఇంకా ఉంటుంది. అప్పుడు దండయాత్ర తిరగబడవచ్చు. అందుకే నేడు శుభ్రంగా ఉన్న డిప్‌స్టిక్కు రేపటికి హామీ కాదు. బండి అలాగే నడిపిస్తే బేరింగులకు మూడుతుంది.

"విప్పి చూడు": చూడడమంటే కళ్లతో కాదు. కూలరు నీటి దారులు మూసి, ఆయిలు దారిలో కంప్రెసరు గాలి 3, 4 బార్లు ఎక్కించి, బకెట్టెడు వేడినీళ్లలో ముంచాలి. చన్నీళ్లలో బుద్ధిమంతుడిలా ఉండే సన్న చీలిక వేడికి నోరు విప్పుతుంది. ఇక్కడ పలకల అంచున సన్నని బుడగల దండ లేచింది. కొన్ని బండ్లలో కూలరు బాగానే ఉండి, కింద గట్టిపడిన రబ్బరు సీలు మోసం చేస్తుంది; బకెట్టులో బుడగ రాకపోతే దాన్ని చూడాలి. కూలరు పలకలను తుప్పు తినేయడానికి కారణం తరచుగా ఎండాకాలమంతా కూలెంటు లేకుండా పోసిన ఉత్త నీళ్లే. కూలెంటు ఎండాకాలానికి ఎందుకన్న ప్రశ్న ఈ ప్రాంతంలో ఎక్కువ. అది గడ్డకట్టకుండా కాపాడేది మాత్రమే కాదు, తుప్పు పట్టకుండా కూడా.

కవి మౌనం వహించిన భాగం: కడుగుడు. కూలరు మార్చడం ఒక పూట పని, కడగడం అంతకు మించిన పని. పద్యంలో దానికి ఒక్క గణం కూడా దక్కలేదు. నీటితో పోలిస్తే ఆయిలు మోయగల వేడి సుమారు సగం. పైగా గొట్టాల లోపలి గోడకు పొరలా అంటుకుని వేడిని బయటికి పోనివ్వదు. కాబట్టి థర్మోస్టాట్ తీసేసి, నురుగు తక్కువొచ్చే గిన్నెల సబ్బు పొడి కొద్దిగా వేడినీళ్లలో కరిగించి పోసి, హీటరు తెరిచి, ఇంజను వేడెక్కేదాకా నడిపి, కాస్త చల్లారాక దించాలి. నీరు తేటపడేదాకా మళ్లీ మళ్లీ. కిరోసిను, డీజిలు పోసి కడుగుదామనే సలహా ఇచ్చేవారు ప్రతి గ్యారేజీ అరుగు మీదా ఒకరుంటారు. వినవద్దు, అవి రబ్బరు పైపులను ఉబ్బిస్తాయి. ఆయిలు తాగి మెత్తబడిన పైపులు ఎటూ మార్చాల్సిందే. రిజర్వు డబ్బాలో గుప్పెడు నూకలు, సబ్బునీళ్లు వేసి గిలకొడితే మూలలు కూడా తెల్లబడ్డాయి. దించిన మురికి డబ్బాకెత్తాలి. కాలవలో వదిలితే ఇంద్రావతికి, అక్కడికి దగ్గరలోనే గోదావరికి.

ఆపైన ఇంజనాయిలు, ఫిల్టరు మార్చి, డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం పోసి, గాలి తీసేయాలి. మొదటి కొన్ని రోజులు పలచని చమురు తెర మళ్లీ తేలితే భయపడక్కర్లేదు, అది పాత బాకీ. రోజురోజుకీ చిక్కబడితేనే మళ్లీ బకెట్టు.

ఈ పద్యానికి అవ్యాప్తి దోషం ఒకటుంది. ఆటోమేటిక్ గేరు బండ్లలో చాలావాటికి గేరు ఆయిలు చల్లబరిచే ఇంకో కూలరు రేడియేటరు లోపలే ఉంటుంది; అది చీలితే మజ్జిగ కొంచెం గులాబీ రంగు తిరుగుతుంది, అప్పుడు ఇంజను కూలరు విప్పినా ఫలం లేదు, రేడియేటరే మార్చాలి. ఈ సంగతి చేర్చమని మిస్త్రీ కోరాడు. ఆటవెలదికి పాదాలు నాలుగే.