మనవాళ్ల గదిలో దిగకు

రాజాంలోనో విజయనగరంలోనో ఇంజనీరింగు చదువుతూ, ఒక సెమిస్టరు కోసం జర్మనీకో ఇంగ్లండుకో బయల్దేరబోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో పెద్దలకు ఇవి తలకిందుల సలహాల్లా కనిపిస్తాయి. నేను మాత్రం ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

వీసా రాకముందే గది వెతుకు. "ముందు వీసా రానీ, ఇల్లు తర్వాత చూద్దాం" అంటారు ఇంట్లో. జర్మనీలో విద్యార్థుల హాస్టళ్లు నడిపే స్టూడీరెండెన్‌వెర్క్ దగ్గర అద్దె తక్కువ, అందుకే అడిగేవాళ్లు ఎక్కువ. అక్కడి యూనివర్సిటీల్లో శీతాకాలపు సెమిస్టరు సాధారణంగా అక్టోబరు 1న మొదలవుతుంది. ఆగస్టులో వీసా చేతికొచ్చాక అడిగితే నీ వంతు ఎప్పటికొస్తుంది? అవతలి యూనివర్సిటీ సరేనన్న రోజే దరఖాస్తు పెట్టు. వీసా రాకపోతే ఏ తేదీలోగా రద్దు చేసుకోవచ్చో, ఎంత పోతుందో కూడా అప్పుడే అడుగు.

ఇక అసలు సంగతి. "మనోల్లున్నారు కదా, ఇంకేటి బెంగ?" అంటూ మేనమామ ఎవరిదో ఫోన్ నంబరు ఇస్తాడు. ఆ మాటకు మన నేలమీద పాత వేళ్లున్నాయి. బ్రిటిషు కాలంలో ఇక్కణ్నించి రంగూన్ వెళ్లిన కూలీ మేస్త్రీ వెంట ఓడెక్కాడు, మేస్త్రీ చూపించిన ఇరుకు బసలోనే పడుకున్నాడు. అప్పు నెత్తినపెట్టుకుని, భాష తెలియని ఊళ్లో దిగినవాడికి వేరే దారి లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వలస పోయేవాళ్లకు ఇప్పటికీ ఊరివాళ్ల గదే అండ. దాన్ని నేను తక్కువ చేయను. కానీ నువ్వు వెళ్తున్నది అక్కడి పిల్లలతో కలిసి చదవడానికి, అదీ ఆరు నెలలకే. ఆ కాస్త కాలమూ మన మాటల్లోనే, మన సినిమాల్లోనే గడిచిపోతే నాన్న చేసిన ఖర్చుకు అర్థమేముంది?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇద్దరి పేరు మీదున్న గదిలో అయిదోవాడిగా చేరితే కాగితాల్లో నువ్వెక్కడా ఉండవు. జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా ఆ ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇల్లిచ్చినవాళ్లు సంతకం చేసిన పత్రం కావాలి. దొంగచాటుగా చోటిచ్చిన అన్నయ్య అది ఇవ్వలేడు. నమోదు లేకపోతే నివాస అనుమతి దగ్గర చిక్కొస్తుంది. మనవాళ్లు కావాలి, తప్పకుండా కావాలి. పక్క వీధిలో ఉంటే చాలు. ఆదివారం వెళ్లి అన్నం తిని రా, జ్వరమొస్తే పిలువు.

గది ఫొటోల కంటే అగ్రిమెంటు ముందు చదువు. శ్రీకాకుళంలో ఇంటాయన నోటిమాట చెల్లుతుంది. అక్కడ కాగితమ్మీద ఉన్నదాన్నే నమ్ముకో. ఇంగ్లండులో నలుగురు స్నేహితులు కలిసి ఒకే అగ్రిమెంటు మీద సంతకం పెడితే, ఒకడు మధ్యలో వెళ్లిపోయినా మొత్తం అద్దెకు మిగతావాళ్లను అడగొచ్చు. ఎవరి గదికి వాళ్లే సంతకం పెట్టే ఇల్లు కాస్త ఖరీదైనా అదే తీసుకో. ఇంగ్లండులో మామూలుగా డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించకూడదు, 30 రోజుల్లో దాన్ని ప్రభుత్వం ఒప్పుకున్న పథకంలో పెట్టాలి. జర్మనీలోనైతే మూడు నెలల 'చల్లని అద్దె' దాకా అడగొచ్చు. అంటే హీటరు, నీళ్లలాంటి ఖర్చులు కలపనిదన్నమాట. జర్మనీ వీసాకు నెలకు 992 యూరోల లెక్కన చూపించే డబ్బులోనే తిండి, బస్సు, అద్దె అన్నీ సర్దుకోవాలి కాబట్టి అన్నీ కలిపిన అద్దె ఎంతో అడిగి తెలుసుకో.

ఓనరు వేరే దేశంలో ఉన్నాడని, డబ్బు పంపితే తాళాలు పోస్టులో వస్తాయని ఎవరైనా అంటే, అక్కడితో ఆపెయ్.

నీలాగే ఒక సెమిస్టరు బయటికి వెళ్తున్న అక్కడి విద్యార్థి ఖాళీ చేసే గది దొరికితే వదలకు. మంచం, బల్ల, గిన్నెలు ఉంటాయి, గడువూ నీ గడువుకు సరిపోతుంది. ఇంటి ఓనరు రాసిచ్చిన ఒప్పుకోలు మాత్రం చూడు.

వంటిల్లు నలుగురిదీ అయితే, పొగ అలారం ఎక్కడుందో, కిటికీ తెరుచుకుంటుందో లేదో కనుక్కో. తిరగమోత పొగకే అలారం మోగొచ్చు. అమ్మ కట్టిచ్చే ఎండుచేపల సంగతి కూడా తోటివాళ్లకు ముందే మెయిల్లో చెప్పు, సిగ్గుపడకు. వద్దంటే ఇంకో గది చూసుకోవడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.