కమిటీలోని ముక్కు

వైన్ ఉత్సవంలో ఏ వైనరీకి బల్ల దక్కాలో, ఏ వైనరీకి క్షమాపణ ఉత్తరం వెళ్లాలో తేల్చే కమిటీ సభ్యుణ్ణి ఎంపికదారు అంటారు. ఈ పదవికి జీతం ఉండదు, పెత్తనం ఉంటుంది. వృత్తిరీత్యా ఈయన హోటల్లో వైన్ వడ్డన చూసే సొమెలియే కావచ్చు, దిగుమతి వ్యాపారి కావచ్చు, పత్రికకు వారం వారం కాలమ్ రాసే రచయిత కావచ్చు. కమిటీలో కూర్చున్నాక మాత్రం ముందు ముక్కు, తరువాతే మనిషి. మంచినీళ్ల గ్లాసు అందించినా కాడ కోసం తడుముకుని, దొరక్కపోతే అడుగు పట్టుకుని, గిర్రున ఓ తిప్పు తిప్పి, వాసన చూసి గాని నోట పెట్టుకోరు. ఈయన్ని భోజనానికి పిలిచిన ఇంటివాళ్లు ఏ సీసా తెరవాలో తేల్చుకోలేక, చివరికి చారు బాగా కాచి ఊరుకుంటారు.

ఈ జాతికి చక్కని నమూనా కెనడా పడమటి తీరాన వాంకూవర్‌లో కనిపిస్తుంది. అక్కడి అంతర్జాతీయ వైన్ ఉత్సవం 1979లో ప్లేహౌస్ అనే నాటక సంస్థకు నిధుల కోసం మొదలైంది. మొదటి ఏడాది వచ్చిన వైనరీ ఒకే ఒక్కటి, కాలిఫోర్నియాకు చెందిన రాబర్ట్ మొండావి. ఎంపికదారు లెక్కలో అది చీకటియుగం. వచ్చిందే ఒకటైతే కాదనడానికి ఎవరున్నారు? పోనుపోను వైనరీల సంఖ్య వంద దాటింది, అడిగేవాళ్లు ఎక్కువై బల్లలు తక్కువయ్యాయి, ఎంపికదారు అవతరించారు. 2012లో ఆ నాటక సంస్థ మూతపడింది. నిధులు షేక్‌స్పియర్ నాటకాలాడే మరో సంస్థకు మళ్లాయి. ఎంపికదారు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎంపికలో మొదటి మెట్టు దరఖాస్తు. దీన్లో రుచి ప్రసక్తి దాదాపు ఉండదు. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో దిగుమతి మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ శాఖ చేతిలో ఉంటుంది. బెవరేజెస్ కార్పొరేషన్లను చూస్తూ పెరిగిన తెలుగు పాఠకులకు ఇందులో వింతేమీ తోచదు. ఎంత గొప్ప వైనరీ అయినా అక్కడ స్థానిక ఏజెంటును పట్టుకోవాలి, సరుకు గిడ్డంగికి చేరాలి, ధర ఖరారు కావాలి. ఉత్సవంలో రుచి చూసి మురిసిన మనిషి అక్కడే పెట్టిన ప్రభుత్వ దుకాణంలో సీసా కొనుక్కోగలగాలి. సరుకు లేని వైనరీ ఎంత మంచిదైనా ఊరించి వెళ్లిపోతుంది గనక కమిటీకి పనికిరాదు. ఈ నిబంధనల పుణ్యమా అని ఎంపికదారు ఫోను వేళాపాళా లేకుండా మోగుతుంది. అటువైపు ఉండేది ఏజెంటే. యోగక్షేమాలు, పిల్లల చదువులు, వానలు అన్నీ అయ్యాక, ఫోను పెట్టేయబోతూ, అప్పుడే గుర్తుకొచ్చినట్టు ఒక వైనరీ పేరు చెబుతాడు.

రెండో నిబంధన ఈ ఉత్సవానికి పేరు తెచ్చిపెట్టింది. వైనరీ తరఫున యజమాని గాని, వైన్ తయారుచేసిన మనిషి గాని, పైస్థాయి అధికారి గాని స్వయంగా వచ్చి బల్ల వెనక నిలబడాలి. అద్దెకు తెచ్చిన కుర్రవాణ్ణి నిలబెట్టి చేతులు దులుపుకుంటే చెల్లదు. ఎంపికదారుకు ఇది ప్రాణసమానమైన నిబంధన. బూట్లకు తోట మట్టి అంటుకుని, గోళ్ల సందుల్లో నలుపు పోని యజమాని ఎదురైతే ఈయన కళ్లు చెమరుస్తాయి. ఆ మట్టి సున్నపురాయిదా, పలుగురాళ్లదా అని అడగడం ఈయన దృష్టిలో మర్యాద. ఇక లక్షల పెట్టెలమ్మే పెద్ద కంపెనీ పేరు వింటే మూతి ముడుస్తారు. కాని టికెట్టు కొన్న జనం ముందుగా వెతికేది తమకు తెలిసిన లేబుల్నే. గేటు వసూళ్లు నాటకాల వాళ్లకు చేరాలి. కనక నలుగురిలో ముడిచిన మూతిని ఓటు వేళకు సడలిస్తారు.

ఉత్సవానికి ఏటా ఒక దేశమో ప్రాంతమో ముఖ్య అతిథిగా ఉంటుంది. ఇటలీ, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా వంటివి వంతులవారీగా ఆ పీట ఎక్కాయి. ఆ దేశానికి బల్లలు ఎక్కువ, పొరుగు దేశాలకు తక్కువ. అతిథి పేరు ప్రకటించిన మర్నాటి నుంచి ఎంపికదారు ఆ దేశం గురించి చిన్ననాటి స్నేహితుడి గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. నిరుడు బరువుగా, మొరటుగా ఉన్న అక్కడి ఎర్ర వైన్‌కు ఈ ఏడాది వ్యక్తిత్వం వచ్చేస్తుంది.

వైన్ రుచి చూసి నిర్ణయించే ఉత్సవాలూ, పోటీలూ వేరే ఉన్నాయి. ఎంపికదారును దగ్గరగా పరిశీలించదలచిన వారు వెళ్లవలసింది అక్కడికే. సీసాలకు కాగితపు సంచులు తొడిగి, మీద అంకెలు వేసి వరసగా పెడతారు. గ్లాసులో మూడోవంతుకు మించి పొయ్యరు. ఎంపికదారు గ్లాసును తెల్లగుడ్డ మీదికి వంచి రంగు చూస్తారు, తిప్పుతారు, ముక్కు లోపలికంటా దించుతారు. ఆనక ఒక గుక్క పట్టి, పెదవులు సున్నాలా చుట్టి, గాలి లోపలికి లాగుతూ గరగరమని చప్పుడు చేస్తారు. కొత్తగా వచ్చిన అటెండరు పొలమారిందేమోనని పరుగెత్తి రావడం కద్దు. తరువాత పక్కనున్న డబ్బాలోకి ఉమ్మేస్తారు. ఈ ఉమ్మడంలోనే అనుభవం తెలుస్తుంది. కొత్తవాడి చొక్కా మీద మరకలుంటాయి, తలపండినవాడు మూరెడు దూరం నుంచి సన్నటి ధారగా గురి తప్పకుండా వేస్తాడు. మధ్యాహ్నానికి పళ్లు నేరేడుపళ్లు తిన్న పిల్లల పళ్లలా అవుతాయి. అయినా ఎవరూ నవ్వరు, ఎందుకంటే అందరివీ అలాగే ఉంటాయి.

మార్కులు వేయడానికి పద్ధతులున్నాయి. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం ఇచ్చింది 20 మార్కుల పద్ధతి. అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రచారంలోకి తెచ్చింది 100 మార్కుల పద్ధతి. ఈ రెండో దాంట్లో ఏ వైన్‌కైనా 50 మార్కులు ఊరికే వస్తాయి. పదో తరగతిలో 35 కోసం చెమటోడ్చిన వారికి ఇది అన్యాయంగా తోచవచ్చు. కాని 80 రాని సీసాను దుకాణదారు కన్నెత్తి చూడడు గనక ఆ దానం వల్ల ఒరిగేదేమీ లేదు.

విరామంలో ఎంపికదారు తప్పకుండా చెప్పే కథ ఒకటి ఉంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్లకు లేబుళ్లు దాచి ఫ్రెంచి ఉద్దండుల చేత రుచి చూపించాడు. తెల్ల వైన్లలో షాతో మాంటెలీనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్, అంటే రెండింటా కాలిఫోర్నియాయే మొదటి స్థానంలో నిలిచింది. న్యాయనిర్ణేతల్లో ఒకరైన ఓడెట్ కాన్ తన మార్కుల కాగితం తిరిగి ఇచ్చేయమని అడిగారు. ఈ కథ చెప్పేటప్పుడు ఎంపికదారు తానైతే అప్పుడే పోల్చేసి ఉండేవాణ్ణన్న ధీమాతో మీసం సవరించుకుంటారు.

ఈయన చెప్పని కథ ఇంకొకటుంది. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత ఆచార్యుడు, స్వయంగా చిన్న వైనరీ యజమాని, కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో ఒకే సీసాలోని వైన్‌ను న్యాయనిర్ణేతలకు చెప్పకుండా మూడు వేర్వేరు గ్లాసుల్లో పెట్టించాడు. 2008లో అచ్చయిన ఫలితం ప్రకారం మూడుసార్లూ ఇంచుమించు ఒకే తీరుగా మార్కులేసిన వారు పదిమందిలో ఒక్కరు. ఇంకో పదోవంతు మంది ఒకే వైన్‌కు ఒకసారి కంచు, ఒకసారి బంగారం ఇచ్చారు. ఒక ఏడు నిలకడగా ఉన్నవారు మరుసటి ఏడు కూడా అలాగే ఉంటారన్న భరోసా సైతం దొరకలేదు. ఈ సంగతి ఎత్తితే ఎంపికదారు ఒప్పుకుంటారు. తన పక్కన కూర్చునే ఫలానా ఆయన విషయంలో అది అక్షరాలా నిజమని కూడా అంటారు.

ఆఖరి మెట్టు కమిటీ సమావేశం. మిగిలిన బల్లలు నాలుగైతే పేర్లు నలభై ఉంటాయి. ఒకరు చిన్న రైతు అంటారు, ఒకరు ధరల్లో వైవిధ్యం అంటారు, ఒకరు రోజే అనే గులాబీరంగు వైన్ రకం తక్కువైందంటారు. రోజే తక్కువైందన్న ఆయన తోడల్లుడు రోజే దిగుమతి చేస్తాడన్నది సభలో ఎవరూ ఎత్తరు. వాదన ముదిరినప్పుడు మన ముక్కు కల్పించుకుని, ఆ వైన్‌లో లోతు లేదని ఒక్క మాట అంటుంది. లోతు ఎంతుండాలో కొలిచే సాధనం ఇంతవరకూ రాలేదు కాబట్టి ఎదురు చెప్పడం కుదరదు.

అంతటితో తిరస్కరణ ఉత్తరాలు బయలుదేరతాయి. ఈ ఏడాది దరఖాస్తులు వెల్లువలా వచ్చాయనీ, ప్రమాణాలు అత్యున్నతంగా ఉన్నాయనీ, వచ్చే ఏడాది తప్పక ప్రయత్నించమనీ వాటి సారాంశం. అందుకున్న యజమాని ఏజెంటును తిడతాడు, ఏజెంటు ఎంపికదారుకు ఫోను చేస్తాడు, ఎంపికదారు తనవంతు తాను పోరాడానని చెబుతారు. అందరితోనూ అదే చెబుతారు.

ఉత్సవం దగ్గరపడే వేళకు ఎవరో ఒకరు తప్పుకుంటారు. ఓడ ఆలస్యమవుతుంది, లేదా రావలసిన యజమానికి ఒంట్లో బాగుండదు. ఖాళీ బల్ల కమిటీకి అవమానం గనక నిరీక్షణ జాబితా బయటికి తీస్తారు. లోతు లేదన్న వైనరీ అందులో మొదటి పేరు. మర్నాడు అచ్చయ్యే కరపత్రంలో దాని వైన్ గురించి రెండు వాక్యాలు రాసే బాధ్యత ఎంపికదారుదే. తేలికదనమే దీని సొగసని మొదటి వాక్యం.