డిస్కుంది, కనిపించదు!

కొత్త ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ పెడితే ఇన్‌స్టాలర్‌కి హార్డ్‌డిస్కే కనిపించదు. పెన్‌డ్రైవ్ మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది! ‘డిస్కు పోయింది సార్, కొత్తది వేద్దాం’ అనే రిపేరు షాపువారికి ఓ దండం. అది పోలేదు. చాలాసార్లు బయోస్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే స్టోరేజ్ మోడ్ చాటున నక్కి ఉంటుంది. ఉన్నది ఒక్క డిస్కు, దానికి పలు డిస్కులను కలిపే రెయిడ్ హోదా! ఒంటరివాడికి ఉమ్మడి కుటుంబం రేషన్ కార్డిచ్చినట్టు. ఇంటెల్ 11వ తరం చిప్‌లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో, విడిగా డ్రైవర్ ఇవ్వకపోతే విండోస్ ఇన్‌స్టాలర్‌దీ ఇదే తంతు. తిట్లు మాత్రం లైనక్స్‌కే. బయోస్‌లో ఆ మోడ్‌ను మామూలు ఏహెచ్‌సీఐకి మారిస్తే డిస్కు ప్రత్యక్షం. ముందే ఉన్న విండోస్ కూడా కావాలనుకునేవారు తొందరపడితే మాత్రం నీలి తెరే గతి. ముందు బ్యాకప్ తీసుకోండి, విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టాకే బయోస్ జోలికెళ్లండి.