పి0456: టీకా తాత్పర్య సహితం

మూలం

పి0456

అవతారిక

డాలస్ పరిసరాల్లో కాపురముంటున్న ఒకానొక తెలుగు గృహస్థు సెకండ్ హ్యాండ్ కారుకు ఏటా చేయించాల్సిన ఎమిషన్ పరీక్ష గడువు దగ్గరపడింది. సరిగ్గా అప్పుడే చెక్ ఇంజన్ లైటు వెలిగింది. బండి ఎప్పటిలాగే నడుస్తోంది. చప్పుడు లేదు, పొగ లేదు, మైలేజీ తగ్గలేదు. కానీ ఆ లైటు వెలుగుతున్నంతకాలం పరీక్ష గట్టెక్కదు. స్పేర్‌పార్టుల షాపులో స్కానర్ తగిలించి చూడగా తెరమీద కోడ్ రూపంలో పై సూత్రం సాక్షాత్కరించింది.

సూత్రమన్నాక అక్షరాలు తక్కువుండాలి, అర్థంలో సందేహం ఉండకూడదు అన్నారు పెద్దలు. ఇందులో మొదటి లక్షణం పుష్కలం. రెండోది లేకపోబట్టే ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థం

పి = ఇంజను, గేర్‌బాక్సుల వర్గమునకు చెందినదియు; 0 = ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాక సర్వ వాహన సాధారణమైనదియు (ఇచ్చట 1 అను పాఠమున్నచో ఆయా కంపెనీ సంప్రదాయమును ఆశ్రయించవలెను); 4 = కాలుష్యమును అదుపుచేయు ఉపకరణములకు సంబంధించినదియు అగు; 56 = మిక్కిలి చిన్న లీకు; (కలదు – అధ్యాహారం).

తాత్పర్యం

పెట్రోలు ట్యాంకు నుంచి ఇంజను దాకా ఉన్న ఆవిరి దారిలో ఎక్కడో అర మిల్లీమీటరు రంధ్రమంత సందు ఉంది. ఎక్కడుందో కంప్యూటరుకు తెలియదు.

విశేషాలు

బండి నిలబడి ఉన్నా పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలిలో కలిసి ఎండ తగిలితే పొగమంచులాంటి కాలుష్యమవుతుందని లాస్ ఏంజెలెస్ కళ్ళు మండి తెలుసుకుంది. 1970 మోడల్ కార్లకు ఆవిరిని బంధించే ఏర్పాటు ఉండాలని కాలిఫోర్నియా నియమం పెట్టింది. మరుసటి ఏటి మోడళ్ళకు అదే నియమం అమెరికా అంతటా వచ్చింది. ఆవిరిని చార్‌కోల్ క్యానిస్టర్‌లోని బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఆ ఆవిరిని లోపలికి లాగి కాల్చేస్తుంది. వెంట్ వాల్వ్ బయటి గాలిని రానిస్తుంది. కరెంటు అందనప్పుడు పర్జ్ మూసి ఉంటుంది, వెంట్ తెరిచి ఉంటుంది. ఈ స్వభావభేదం ఎరగనివాడు ఈ సూత్రానికి అధికారి కాడు.

శంక: అర మిల్లీమీటరు సందు కారుకెలా తెలిసింది?
సమాధానం: లోపల కాస్త శూన్యం కల్పించి, రెండు వాల్వులూ మూసి, ఆ శూన్యం నిలుస్తోందా లేదా అని సెన్సర్‌తో చూసుకుంటుంది. కొన్ని టయోటా కార్లయితే ఇంజను ఆపిన 5 గంటలకు తమంతట తామే చిన్న పంపు వేసుకుని పరీక్షించుకుంటాయి. అర్ధరాత్రి గరాజ్‌లో గుర్రుమన్నది దొంగ కాదని గృహిణులు గ్రహించగలరు.

శంక: పెట్రోలు ట్యాంకు మూత గట్టిగానే బిగించానే!
సమాధానం: టకటకమన్నంత మాత్రాన మూత పడినట్టు కాదు. మూత లోపలి రబ్బరు రింగును వేలితో తడిమి చూడాలి, పగుళ్ళుంటే తగులుతాయి. ట్యాంకు మూతి అంచున తుప్పు లేచినా రింగు ఆనదు.

పాఠాంతరాలు: పి0442 అన్నచోట రంధ్రం ఒక మిల్లీమీటరు. పి0455 అన్నచోట పెద్ద లీకు. మూత గ్యాస్ స్టేషన్‌లోనే మరిచారేమో అని ధ్వని. పి0457లో ఆ ధ్వని కూడా లేదు, మూత అని వాచ్యంగానే ఉంది.

ఇక మతభేదాలు. కోడ్ కనబడగానే పర్జ్ వాల్వ్ మార్చేయమంటారు వాల్వ్ వాదులు. ఇది తగదు. వాల్వ్ తెరుచుకుని బిగుసుకుపోతే పి0441, పి0496 వంటి వేరే సూత్రాలున్నాయి. పైగా పెట్రోలు కొట్టించిన వెంటనే బండి స్టార్టవడానికి మొరాయిస్తుంది. సన్నగా లీకయ్యే వాల్వ్ ఈ కోడ్ తేవచ్చు, కాదనను. కానీ అది తేల్చడానికి డబ్బు అక్కర్లేదు. ఉదయం చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, వాల్వ్‌కు క్యానిస్టర్ వైపున్న పైపు ఊడదీసి, ఆ వాల్వ్ మూతి మీద బొటనవేలు పెట్టాలి. పీల్పు తగిలితే వాల్వ్ దోషి, తగలకపోతే నిర్దోషి. మూలాధారం లేనిది రాయనని మన మెదకు సీమకు చెందిన వ్యాఖ్యాత కొలచల మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఆధారం లేకుండా వాల్వులు మార్చే గ్యారేజీల గోడలకు తగిలించవలసిన పటం ఆయనదే.

వేలికి తేలకపోతే స్మోక్ టెస్టు. యంత్రం మినరల్ ఆయిల్‌ను వేడిచేసి తెల్లటి పొగ పుట్టిస్తుంది. వెంట్ వాల్వ్‌ను స్కానర్‌తో మూయించి, ఆ పొగను ఒక పీఎస్ఐ కూడా దాటని ఒత్తిడితో ఆవిరి పైపులోకి పంపుతారు. బండి లిఫ్టు మీద ఉంటుంది. మెకానిక్ టార్చి పట్టుకుని, మాట్లాడకుండా పైపు వెంట నడుస్తాడు. క్యానిస్టర్ పక్కన, రబ్బరు గొట్టం వంపులో, వెంట్రుకంత పగులులోంచి దారంలా పొగ లేస్తుంది. ఆ గొట్టం ముక్క మార్చడమే ఈ వ్యాఖ్యకు ఫలితార్థం. టైర్లకు గాలికొట్టే కంప్రెసర్‌తో ఈ పని చేసే సాహసం వద్దు. ట్యాంకు దెబ్బతింటుంది, పెట్రోలు ఆవిరితో ప్రమాదం.

వేదాంతులు సాలెపురుగును జగత్కారణానికి దృష్టాంతంగా చెబుతారు. ఈ శాస్త్రంలో అది దృష్టాంతం కాదు, నిజంగానే కారణం. వెంట్ గొట్టంలో పసుపు సాలెపురుగులు గూళ్ళు కట్టడంతో ట్యాంకులో శూన్యం పెరిగి అది పగలవచ్చని, 2011లో మాజ్డా కంపెనీ ఉత్తర అమెరికాలో దాదాపు 65,000 మాజ్డా 6 కార్లను వెనక్కి పిలిపించింది. 2014లో మళ్ళీ 42,000 కార్లను పిలిపించింది. సాలెపురుగు మనసు మార్చుకోలేదు.

సాలెపురుగుల పాపం కొంత, మనది కొంత. నాజిల్ టక్కున ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త కొట్టించడం మన బంకుల్లో నేర్చుకుని డాలస్‌కు మోసుకెళ్ళిన అలవాటు. ఆవిరి కోసం ఉన్న బొగ్గులోకి పెట్రోలే చేరితే క్యానిస్టర్ పాడవుతుంది. ఆ రౌండ్ ఫిగర్‌తో ఆదా అయ్యేది ఒట్టి చిల్లర లెక్క.

ఫలశ్రుతి

గొట్టం మార్చాక కోడ్ చెరిపేసి నేరుగా పరీక్షకు పరిగెత్తేవారున్నారు. చెరిపితే కారు తనను తాను చూసుకున్న పరీక్షలన్నీ చెరిగిపోతాయి. 2001, ఆ తరవాతి మోడళ్ళకు అసంపూర్తిగా ఉన్న పరీక్ష ఒక్కటే టెక్సస్ సహిస్తుంది. ఆవిరి పరీక్ష చాలా కార్లలో ట్యాంకు 15 నుంచి 85 శాతం మధ్య ఉంటేనే, రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేస్తేనే మొదలవుతుంది. కనుక ట్యాంకు సగం ఉంచి కొన్నాళ్ళు మామూలుగా ఆఫీసుకు వెళ్ళిరండి, గడువు ముందురోజు మాత్రం కోడ్ చెరపకండి.